చీకటి పేరంటం

జ్యేష్ఠ బహుళ తదియ

పలక వచ్చింది. ఒడ్డు ఆసుపత్రి పడవవాడు నా చేత వేలిముద్ర వేయించుకుని, "జాగ్రత్త మామ్మగారూ, ఇది పోతే మళ్ళీ దొరకదు" అని చెప్పి వెళ్ళాడు. నా గురించి కూడా ఎవరైనా ఆ మాట అంటే బాగుండును.

అప్పడాల పీటంత ఉంది. నల్లగా, పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. దీన్ని పొట్ట మీద పెట్టుకుని పడుకోవాలి.

నాకు వచ్చింది అండాశయంలో గడ్డ. ఎప్పుడో రిటైరైన అవయవం. పింఛను తీసుకుంటూ మూల కూర్చోక మళ్ళీ పనిలో చేరింది. కాలేజీలో ఒక జీవితకాలం రసాయనశాస్త్రం చెప్పి వచ్చినదాన్ని, నాకే లేని ఉత్సాహం దానికెందుకో తెలియదు.

నా కూతురు తరళ అలలతో కరెంటు తీసే మరల దగ్గర మేస్త్రీ. బోల్టులు బిగించే చేత్తోనే నాకు సూది వేసింది. సూదిలో ఉన్నవి మిణుగురులు. ఆసుపత్రి కాగితం మీద వాటికి చాంతాడంత పేరుంది కాని తెప్పలపేటలో అందరూ మిణుగురులనే అంటారు. కంటికి ఆనని రేణువులు. వాటి పొట్టలో మందు, ఒంటికి వెలుగు. ఒంట్లో తిరిగి తిరిగి గడ్డని పట్టుకుని అంటుకుంటాయి. అంటుకున్న చోటు పలకలో వెలుగుతుంది. అప్పుడు పలక తుమ్మెదలా రొద పెడుతుంది. ఆ రొదకి రేణువులు విచ్చుకుని మందు అక్కడికక్కడే కారుతుంది. ఎంత వెలుగుంటే అంత రొద. వెలుగు లేకపోతే రొద లేదు, మందూ లేదు.

మధ్యాహ్నానికి కనిపించింది. బాదంకాయంత పచ్చటి వెలుగు. నాలో ఇన్నాళ్ళుగా కాపురముంటున్నదాన్ని మొదటిసారి చూశాను. భయపడాలని గుర్తొచ్చేసరికి ఆలస్యమైంది, అప్పటికే కళ్ళద్దాలు పెట్టుకుని దాని అంచులు చూస్తున్నాను.

మాణిక్యం గారు మొహం పక్కకి తిప్పుకున్నారు. ఆవిడ నా వియ్యపురాలు, తరళ అత్తగారు. ఈ తెప్ప, దాని మీది ఇల్లు, వంటిల్లు ఆవిడవి. నేను మంచంతో సహా వచ్చి చేరినదాన్ని.

"అదేపనిగా చూడకండి వదినగారూ. దిష్టి తగులుద్ది."

"గడ్డకా?"

"మీకు."

"గడ్డకి తగిలే మార్గం ఉంటే చెప్పండి, రోజంతా చూస్తాను."

జ్యేష్ఠ బహుళ ఏకాదశి

పలకని చెప్పిన చోటే పెట్టాలట. ఆ మాట ఏ పిల్లకి చెప్పినా వినదు, నేనెందుకు వినాలి? రొద ఆగాక మెల్లగా పైకి జరిపాను. పక్కటెముకల కింద, కుడివైపు, కాలేయం ఉండేచోట పలచటి మసక వెలుగు కనిపించింది. పొగమంచులో దూరపు తెప్ప మీది లాంతరు లాగా ఉంది.

తెరలో డాక్టర్ జుబేదాని అడిగాను. ఒడ్డు మీద ఉంటుంది, మర్యాదైన పిల్ల. నేను తప్పు చేసినట్టు ఒప్పుకోకుండానే పట్టేసింది.

"పలక జరిపారా అమ్మా?"

"అదే జారింది."

"గడ్డని పట్టుకోలేని మిణుగురులు కాలేయానికి పోతాయమ్మా. అక్కడ విచ్చుకోవు, నాలుగు రోజుల్లో బయటికి పోతాయి. మసగ్గా ఉంటే మామూలే."

అంటే చిరునామా దొరకని పార్శిళ్ళన్నీ చేరే ఆఫీసు అన్నమాట. నా కాలేయానికి ఈ ఉద్యోగం కూడా ఉందని ఇన్నేళ్ళూ తెలియదు.

ఆషాఢ శుద్ధ విదియ

కృష్ణ కొత్తనీరు వచ్చింది. తెప్పల కింద ఉప్పు విరిగి నీళ్ళు ఎర్రబడ్డాయి. పొద్దున్నుంచి అందరూ ఉప్పు పట్టిన, కరెంటిచ్చే ఎండరేకులు కడుక్కోవడం, పీపాల్లో మంచినీళ్ళు నింపుకోవడం. నేను కుర్చీలో కూర్చుని సలహాలు ఇచ్చాను. ఎవరూ తీసుకోలేదు.

మట్టి పీపాల్లో పెంచే మునగ ఒక్కసారి చిగిర్చింది. ఆషాఢంలో మునగాకు తినడం మన తాతమ్మల నాడు కూడా ఉన్నదే. కాని ఇది ఆ మునగ కాదు. పొలాలు నీళ్ళ కిందకి పోయాక, తెప్పల మీద కూరలు దొరకనివాళ్ళ కోసం పెంచి తీసిన జాతి. బలమునగ అంటారు. గుప్పెడాకు తింటే ఒక మనిషికి రోజుకి కావలసినవన్నీ అందులోనే ఉంటాయి. పేటలో పిల్లలు దీని మీదే పెరిగారు.

తొలికోత ఆకు ఎవరూ సొంతానికి వండుకోరు. తమ తెప్పల వరసలో జబ్బుపడ్డవాళ్ళ ఇంటికి పంపుతారు. ఈ ఏడు మా వరసలో జబ్బుమనిషిని నేనొక్కదాన్నే, పోటీ లేదు. సాయంత్రానికి మా వసారా నిండా మోపులు.

మాణిక్యం గారు కొంగు దోపుకున్నారు. మునగాకు పప్పు, మునగాకు వేపుడు, మునగాకు అట్టు, పైన మునగాకు పొడి.

"మజ్జిగలో కూడా వేశారా?" అన్నాను.

"తాగండి. రక్తం పడద్ది."

మా మధ్య పాతికేళ్ళుగా కూరలో ఉప్పు దగ్గర మొదలై పెళ్ళినాటి పెట్టుపోతల దాకా వాదనలున్నాయి. నాకు జబ్బు అని తెలిసిన రోజు నుంచి ఆవిడ ఒక్కదానికీ ఎదురు చెప్పడం లేదు. వంట మాత్రం చేస్తున్నారు. ఆ కంచం ముందు వద్దనడం నాకు చేతకాలేదు.

ఆషాఢ శుద్ధ నవమి

వెలుగు బఠాణీ గింజంత అయింది.

ఒంట్లో కూడా ఓపికగా ఉంది. ఇవాళ పక్క తెప్ప దాకా చెక్కవంతెన మీద నడిచి వెళ్ళి, వాళ్ళ వల ముడులు ఎలా తప్పో చెప్పి వచ్చాను. తరళ పలకలో చూసి, నా జుట్టు దువ్వి జడ వేసింది. చిన్నప్పుడు నేను దువ్వితే పారిపోయేది.

"నా మునగాకు," అన్నారు మాణిక్యం గారు.

"మరి ఆసుపత్రివాళ్ళు ఏం చేసినట్టు?"

"వాళ్ళూ చేశార్లెండి, ఏదో."

ఆషాఢ పౌర్ణమి

పలక నల్లబడింది. ఈ వారం సూది వేసి గంటలు గడిచినా వెలుగు లేదు, రొద లేదు. అడుగున అక్షరాలు వచ్చాయి: చికిత్స పూర్తయింది, పలకను ద్వాదశి పడవకు అప్పగించండి.

తరళ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. మాణిక్యం గారు ఏడవలేదు, పిలుపులకి బయల్దేరారు. తెప్పలపేటలో పలక నల్లబడ్డ ఇంట చీకటి పేరంటం చేస్తారు. పట్టపగలు తెరలన్నీ దించి, ఇల్లంతా చీకటి చేసి, ఆ నల్లపలకని మధ్యలో పెట్టి అందరూ చూసి, బూరెలు తిని పోతారు. ద్వాదశినాడే ముహూర్తం. పలకని అట్నుంచి అటే పడవెక్కించొచ్చు.

నేనూ సంతోషపడ్డాను. ఎందుకు పడను? ఒక్కటే చిన్న సంగతి. లంగా బొందు ముడి. గడ్డ పెరిగినప్పటి నుంచి ముడి ఎక్కడ పడుతోందో ఇప్పుడూ అక్కడే పడుతోంది. అంగుళం కూడా వెనక్కి రాలేదు. పోయినవాడు తన సామాన్లన్నీ ఇక్కడే వదిలి పోయాడా?

మునగాకు తిని లావెక్కాననుకుని పడుకున్నాను.

ఆషాఢ బహుళ పాడ్యమి

పొద్దున లేచి పలకని పైకి జరిపాను. ఊరికే, అప్పగించే ముందు ఒకసారి చూద్దామని.

కాలేయం మొత్తం వెలుగుతోంది. పోయిన నెల పొగమంచులో లాంతరు అన్నాను కదా, ఇవాళ పడవల పండగ. పక్కటెముకల నీడలు కూడా కనిపించాయి.

చాలాసేపు చూశాను. అందంగా ఉంది, అది వేరే మాట. తరవాత మాస్టారి బుర్ర పని మొదలుపెట్టింది. సూదిలో ఎన్ని మిణుగురులు వెళ్ళాయో అన్నీ ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. గడ్డ కరిగిపోతే పట్టుకోవడానికి ఏమీ లేక ఇక్కడికి వచ్చాయనుకోవచ్చు. గడ్డ ఉండి, దాన్ని పట్టుకోలేక వచ్చినా ఇలాగే వస్తాయి. పలకకి ఈ రెండూ ఒకటే. దానికి వెలుగు లేకపోవడం తెలుసు కాని ఎందుకు లేదో తెలియదు.

నా బొందు ముడికి మాత్రం తేడా తెలుసు.

ఆషాఢ బహుళ విదియ

మిణుగురుల సీసాలు పాడయ్యాయేమో అని మొదటి అనుమానం. ఎదురు వరసలో రత్నాకరరావు గారికి ఊపిరితిత్తిలో గడ్డ. నాకు ఏ పడవలో వచ్చాయో ఆయనకీ అదే పడవలో వచ్చాయి సీసాలు. తరళ చెయ్యి పట్టుకుని వంతెన దాటాను.

ఆయన చొక్కా విప్పి పలక పెట్టుకుని గర్వంగా చూపించాడు. చక్కగా, నిబ్బరంగా వెలుగుతోంది. కాలేయం దగ్గర మసక.

"మీది నల్లబడిందటగా, అదృష్టవంతులు," అన్నాడు.

"అదే తేల్చుకుందామని వచ్చాను. మీ వరసవాళ్ళు మీకు మునగాకు పంపలేదా?"

"పంపకేం, మోపులు మోపులు. నాకు ఆకు వాసన పడదమ్మా, చిన్నప్పట్నుంచీ. మేకల తిండి. అన్నీ పొరుగువాళ్ళకి తిరగ్గొట్టాను. ఎండు రొయ్యలుంటే చాలు నాకు."

ఆయన భార్య లోపల్నుంచి, "ఆ కంపు భరించలేకే గడ్డ తిన్నగా కూర్చుంది," అంది.

వంతెన మధ్యలో ఆగిపోయాను. తరళ నాకు కళ్ళు తిరిగాయనుకుంది. తిరగలేదు, అప్పుడే సరిగ్గా నిలబడ్డాయి.

ఆషాఢ బహుళ తదియ

"మిణుగురుల ఒంటికి పూసిన ఎర ఏమిటి?" అని అడిగాను జుబేదాని.

"ఫోలేట్ అమ్మా. ఒక బి విటమిను. మీ గడ్డకి దాని మీద ఆకలి ఎక్కువ, దానికోసం ఒంటినిండా నోళ్ళు పెట్టుకుంటుంది. ఆ నోళ్ళు పట్టుకునేలా రేణువులకి అదే పూస్తాం. అందుకేగా విటమిను మాత్రలు మానమని రాశాం."

"మాత్రలు మానాను. ఆకు మానమని ఎవరు రాశారు?"

"ఇంట్లో తినే కూరతో అంత తేడా రాదమ్మా. ఎంత తిన్నారేంటి?"

"ఒక వరసంత. బలమునగ."

తెరలో ఆ పిల్ల పక్కకి తిరిగింది. బలమునగ అంటే ఏమిటో పక్కన ఎవరినో అడిగి తెలుసుకుంది. ఒడ్డు మీద వాళ్ళకి ఆకుకూర అంటే పాలకూర ఒక్కటే.

"ఇలా జరిగినట్టు నేనెక్కడా చదవలేదమ్మా. అయి ఉండొచ్చు. కాకపోవచ్చు, నిజంగానే తగ్గిపోయి ఉండొచ్చు. చూడాలని మాత్రం ఉంది."

"నాకు మీకన్నా ఎక్కువ ఉంది."

ఇంకొక్క సీసా మిగిలి ఉంది. ద్వాదశి దాకా ఆకన్నది ముట్టకూడదు. ఆ పొద్దున సూది. వెలుగు వస్తే పలక నా దగ్గరే ఉంటుంది, చికిత్స మళ్ళీ మొదలు. రాకపోతే పడవలో పంపెయ్యాలి, ఇంకొకరు ఎదురుచూస్తున్నారు. ఒకసారి పంపేస్తే మళ్ళీ నా వంతు వచ్చేసరికి గడ్డకి నా అనుమతి అక్కర్లేదు. న్యాయమైన ఒప్పందం, ఒప్పుకున్నాను.

ఇక మాణిక్యం గారికి చెప్పాలి. ఆవిడ బూరెలకి పప్పు నానబోస్తున్నారు. మెత్తటి మాటలు రెండు సిద్ధం చేసుకునే వెళ్ళాను. నోరు తెరిస్తే వచ్చింది ఇది:

"మీ మునగాకు నా మందుకి అడ్డం పడింది."

చెయ్యి నీళ్ళలోనే ఉండిపోయింది. "విషం పెట్టానంటారా?"

"విషం అయితే గొడవే లేదు. మరీ మంచి భోజనం పెట్టారు. నాకూ పెట్టారు, గడ్డకీ పెట్టారు. ఇంట్లో కడుపునిండా తిని పెళ్ళికి వచ్చినవాడు విస్తరి ముందు కూర్చుంటాడా? మిణుగురులు వడ్డించడానికి వెళ్తే ఒక్క నోరూ ఖాళీ లేదు."

"అయితే తగ్గలేదా మీకు?"

"తెలియదు. ద్వాదశికి తెలుస్తుంది. పేరంటం ఆపండి."

"పిలుపులైపోయినయ్. పిలిచి వద్దనడం ఈ ఇంట్లో లేదు."

"వెలుగు వస్తే ఏం చేస్తారు?"

ఆవిడ లేచారు. పొయ్యి మీది మునగాకు పప్పు దించి, గిన్నె మొత్తం తన కంచంలోకే వంచుకుని, నాకు వీపు పెట్టి కూర్చుని తిన్నారు. భుజాలు కదులుతున్నాయి. నమలడం వల్ల కాదు.

ఆషాఢ బహుళ సప్తమి

సొరకాయ, బంగాళదుంప, సొరకాయ. ఇవాళ మార్పు కోసం బంగాళదుంప, సొరకాయ కలిపి.

మాణిక్యం గారు నాతో మాట్లాడటం లేదు కాని నాకు కాపలా మాత్రం ఉన్నారు. వంతెన మొదట పీట వేసుకుని కూర్చుంటున్నారు. ఎవరు మోపు తెచ్చినా, "మా వదినగారికి ఆకు వేడి చేసింది" అని తిప్పి పంపుతున్నారు. అబద్ధమాడితే నాలుక మీద పుండు లేస్తుందని కొడుక్కి చెప్పి పెంచిన మనిషి. పంపినవాళ్ళు నొచ్చుకోకుండా మోపు ఒకటి ఉంచుకుని పైకప్పు మీద ఎండేస్తున్నారు. ఏం చేస్తారో అడగలేదు.

ఇవాళ చారులో తిరగమోత వేశాక, గరిటె అంచుతో కరివేపాకు రెబ్బలు ఒక్కొక్కటీ ఏరుతున్నారు.

"అంత అక్కర్లేదు వదినగారూ. నాలుగు రెబ్బలకి ఏమీ కాదు," అన్నాను.

"మీ గడ్డకి చెప్పండి ఆ మాట."

మాట్లాడారు. చారు బాగుంది, వాసన లేకపోయినా.

ఒక సంగతి రాసుకోవాలి. వెలుగు రాకపోతే నాకు జబ్బు లేదు. వస్తే ఉంది. అయినా రావాలనే నాకు ఆత్రంగా ఉంది. ఇది బతకాలన్న కోరికా, నా మాటే నెగ్గాలన్న పంతమా అని ఆలోచించాను. రెండూ కలిసి ఒకే గిన్నెలో ఉన్నాయి, ఏరడం కుదరలేదు.

ఆషాఢ బహుళ ద్వాదశి

పొద్దున్నే తరళ సూది వేసింది. ఈసారి మూడుసార్లు దూదితో తుడిచి మెల్లిగా గుచ్చింది. బోల్టులకి లేని దయ నా మీద కలిగినట్టుంది.

మధ్యాహ్నానికి వరస వరసంతా వచ్చారు. సగంమందికి సంగతి తెలిసింది, సగంమందికి తెలియదు. అందరూ పట్టుచీరల్లో ఉన్నారు. రత్నాకరరావు గారు భార్య వెనకాలే వచ్చి మగవాళ్ళకి పిలుపు లేదని తెలిసి కూడా గుమ్మంలో నిలబడ్డాడు. ఆసుపత్రి పడవవాడు కట్టుతాడు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తెరలు దించారు. మంచం మీద పడుకుని పలక పెట్టుకున్నాను.

నలుపు.

ఎవరో చిన్నగా, "నల్లగానే ఉందిగా, మంచిదేగా," అన్నారు. ఇంకెవరో ఆవిణ్ణి గిల్లారు. చీకట్లో మాణిక్యం గారి చెయ్యి వచ్చి నా పాదం పట్టుకుంది. పప్పు రుబ్బిన చెయ్యి, ఏలకుల వాసన. ఈ వయసు వచ్చేదాకా మేమిద్దరం ఒకరినొకరు తాకిన సందర్భం తాంబూలం తప్ప గుర్తులేదు.

"పోనీలెండి వదినగారూ," అన్నారావిడ మెల్లగా. "తగ్గిందేమో. నేనే గెలిచానేమో."

"ఉండండి."

ఒక మూల ఆవగింజంత కనిపించింది. నా కళ్ళేమో అనుకున్నాను. గింజ చిట్లినట్టు వెడల్పయింది. శనగగింజ, బఠాణీ, బాదంకాయ. బాదంకాయ దగ్గర ఆగలేదు. నిమ్మకాయంత అయి నిలబడింది, పచ్చగా, ఒక పక్క వంకరగా. అందరి మొహాల మీదా ఆ పచ్చటి వెలుగు పడింది. నేను చేసిన ప్రయోగాల్లో ఇంత నిశ్శబ్దంగా ఏ క్లాసూ కూర్చోలేదు.

పలక రొద మొదలుపెట్టింది.

అంతా మాణిక్యం గారి వైపు చూశారు. చీకటి పేరంటంలో వెలుగు వస్తే ఏం చేయాలో ఎవరికీ తెలియదు, ఇంతవరకూ రాలేదు కనక. ఆవిడ నా పాదం వదిలి లేచి, మొహం తుడుచుకుని, బూరెల పళ్ళెం ఎత్తారు.

"చూస్తారేంటమ్మా, తీసుకోండి."

"దేనికి పిన్నీ బూరెలు?" అని ఒక పిల్ల అడిగింది.

"మా వదినగారింట్లో దొంగ దొరికాడు. నేనే అన్నం పెట్టి దాచాను వాణ్ణి. వదినగారు పట్టుకున్నారు. తిను."

పడవవాడు పలక లేకుండా, మూడు బూరెలతో వెళ్ళాడు. నాకు మాత్రం ఒక్కటే ఇచ్చారు, అదీ ఆకులో పెట్టకుండా చేతిలో.

శ్రావణ శుద్ధ దశమి

వెలుగు మళ్ళీ బాదంకాయంత అయింది. ఈసారి పలకని పైకి కూడా జరిపి చూశాను. కాలేయం దగ్గర పొగమంచులో లాంతరు. గడ్డే తగ్గుతోంది, మిణుగురులు దారి తప్పడం లేదు. అన్నిటికన్నా నమ్మదగ్గ పరికరం బొందు ముడి. అది రెండు వేళ్ళు వెనక్కి వచ్చింది.

జుబేదా కొత్త కాగితం పంపింది. మాత్రల పక్కన ఆకుల పేర్లు చేరాయి, నేను చెప్పినవే. పలకలకి కూడా ఇకనుంచి కాలేయం వైపు చూడటం నేర్పుతారట. ఎవరో ఒకరు దాన్ని పైకి జరపాలి కదా అన్నాను. మీలాగా అందరి చేతుల్లోనూ జారదు కదమ్మా అంది.

ఇవాళ అటక మీద చక్కెర వెతుకుతుంటే కొత్త డబ్బా కనిపించింది, మూతకి గుడ్డ కట్టి ఉంది. కారప్పొడేమోనని ముడి విప్పబోయాను. మాణిక్యం గారు ఎక్కడ్నుంచి చూశారో, గరిటెతో చేతి మీద ఒకటి వేశారు.

"ముట్టకండి. మునగాకు పొడి, వరస పంపిందే."

"ఎవరికి?"

"మీ చీకటికి. నిజం చీకటి వచ్చిన్రోజు అన్నంలో కలిపి పెడతాను. అప్పటిదాకా సొరకాయ తినండి."

"ఎన్నాళ్ళు నిలవుంటుంది?"

"మీరున్నన్నాళ్ళూ ఉంటుందిలెండి," అంటూ డబ్బాని ఇంకా పై అరలోకి తోశారు.

కుర్చీ వేసుకుంటే అందుతుంది. కొలిచి చూశాను. కాని ఎక్కను.